మన ఊరికి వచ్చే పాప్ సింగర్‌కు పౌర సన్మానం చేయించాలంటే

మహబూబ్‌నగర్‌లోనో వనపర్తిలోనో పెద్ద మ్యూజిక్ కచేరీ ఉందని పోస్టర్ పడగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట మొదలవుతుంది. "అంత పెద్ద సింగర్ మన దగ్గరికి వస్తుంటే ఊరి తరఫున ఏదో ఒకటి చెయ్యాలె కదన్నా." మూడు రోజులు ఆ మాట నలుగుతుంది. నాలుగో రోజు ఎవరో ఫ్లెక్సీ వేయిస్తారు. అందులో సింగర్ ఫొటో కంటే వేయించినాయన ఫొటో పెద్దగా ఉంటుంది. కథ అక్కడితో సరి.

శాలువా ఎవరైనా కప్పొచ్చు. పౌర సన్మానం మాత్రం ఊరు చేసేది. మున్సిపల్ కౌన్సిల్ కూర్చుని, తీర్మానం రాసుకుని, ఊరి పేరు మీద చేస్తేనే దానికి ఆ పేరు. తీర్మానం లేకపోతే అది చైర్మన్ గారి సన్మానమో, ఎమ్మెల్యే గారి సన్మానమో అవుతుంది. పాలమూరు వైపు ఇలాంటి వాటికోసం నాలుగుసార్లు కాగితాలు పట్టుకుని తిరిగాను. రెండు జరిగాయి, రెండు చెడిపోయాయి. ఇక్కడ రాసేదంతా ఎక్కువగా ఆ చెడిపోయిన రెండూ నేర్పిందే.

ముందు ఒక్క వాక్యం రాసుకోండి

ఈ ఊరికీ ఆ మనిషికీ ఏం సంబంధం? దీనికి జవాబు ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతే ఇంకా ఎవరి దగ్గరికీ వెళ్లకండి.

"యూట్యూబ్‌లో కోట్ల వ్యూస్ ఉన్నాయి" అన్నది జవాబు కాదు. ఇప్పుడు పాడే ప్రతివాళ్లకూ కోట్ల వ్యూసే. వాళ్ల అమ్మమ్మది మక్తల్ అయితే అది సంబంధం. మన యాసను వెక్కిరింతగా కాకుండా పాటగా పాడితే అది సంబంధం. ఇక్కడి కళాకారుడి దగ్గర ఒక వరస నేర్చుకుని, ఆ మాట నలుగురిలో చెప్పుకుంటే అంతకు మించింది లేదు.

ఏ సంబంధమూ లేదు, పక్క రాష్ట్రం నుంచో పరదేశం నుంచో వస్తున్నారు, అయినా మీకు ప్రాణం అంటారా? అప్పుడు సంబంధాన్ని కల్పించకండి, ఏర్పరచండి. కచేరీకి ముందు ఒక గంట కస్తూర్బా విద్యాలయం పిల్లలతోనో గురుకులం పిల్లలతోనో గడపమని అడగండి. ఒప్పుకుంటే మీ వాక్యం దొరికినట్టే: "మా పిల్లలకు ఒక గంట పాట నేర్పినందుకు." కౌన్సిల్‌లో ఈ ముక్కకు అడ్డు చెప్పేవాళ్లు దాదాపు ఉండరు.

ఏం ఇవ్వమని అడగాలి

ఇక్కడ చాలామంది ఆకాశానికి నిచ్చెన వేస్తారు. రోడ్డుకు పేరు పెట్టాలి, చౌరస్తాలో విగ్రహం పెట్టాలి, ఏదో బిరుదు ఇవ్వాలి అంటారు. ఈ మూడూ వదిలేయండి. రోడ్డు పేరు మార్చడం అంటే మీరు బతికుండగా తెగని రాజకీయం. రోడ్ల మీద, కూడళ్లలో కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013లోనే రాష్ట్రాలకు చెప్పింది. ఇక బిరుదు సంగతి. సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప ప్రభుత్వం ఎవరికీ బిరుదులు ఇవ్వకూడదని రాజ్యాంగం 18వ అధికరణ చెబుతోంది. మున్సిపాలిటీ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. "గాన గంధర్వ" అని పిలవాలని మరీ మనసైతే మీ సాంస్కృతిక సంఘం తరఫున పిలుచుకోండి, మున్సిపల్ లెటర్‌హెడ్ మీద మాత్రం వద్దు.

అమెరికా ఊళ్లు ఈ విషయంలో తెలివిగా ఉంటాయి. 2023 మార్చిలో పాప్ గాయని టేలర్ స్విఫ్ట్ కచేరీల యాత్ర ఎరాస్ టూర్ అరిజోనా రాష్ట్రం గ్లెండేల్‌లో మొదలైంది. ఆ రెండు రోజుల కచేరీకి ఆ ఊరు తన పేరునే లాంఛనంగా స్విఫ్ట్ సిటీ అని మార్చుకుంది. అదే ఏడాది జులైలో కాలిఫోర్నియాలోని శాంటా క్లారా ఆమెను గౌరవ మేయర్‌ను చేసి, తన పేరును స్విఫ్టీ క్లారా అని తిప్పుకుంది. కచేరీ అయిపోయింది, పేరు వెనక్కి వచ్చేసింది. ఎవరి ఆధార్ కార్డు మీదా అడ్రస్ మారలేదు. పెద్దగా కనిపిస్తూ, గడువుతో ముగిసిపోయే గౌరవం అది.

అక్కడ నగర తాళంచెవి ఇవ్వడం కూడా ఉంది. కోటగోడలూ ద్వారాలూ ఉన్న పాత పట్నాల ఆచారం నుంచి వచ్చింది. మనకు గద్వాలలో కోట ఉన్నా తాళంచెవి చేతికిస్తే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఏ రూముది?" అని. మనకు మన పద్ధతి ఉంది: శాలువా, సన్మాన పత్రం, జ్ఞాపిక. ఈ మూడింటికే అడగండి. పైన ఇంకొకటి కావాలంటే ఆ ఒక్క రోజును ఆ కళాకారుడి పేరుతో ఊరి పాటల దినంగా జరపాలని అడగండి. ఖర్చు లేదు, పేపర్లో వార్త వస్తుంది.

సింగర్‌కు చెప్పారా?

నా మొదటి ఓటమి ఇక్కడే. కౌన్సిల్‌ను ఒప్పించాం, శాలువా తెచ్చాం, సన్నాయి మేళం మాట్లాడాం. ఆ గాయని మేనేజర్‌కు మాత్రం ఎవరూ ఫోన్ చేయలేదు. నేను చేశాననుకుని మా సంఘం సెక్రటరీ, సెక్రటరీ చేశాడనుకుని నేను. ఆవిడ సాయంత్రం ఆరున్నరకు హైదరాబాద్ నుంచి నేరుగా స్టేజీ వెనక్కి వచ్చి, పాడి, అటు నుంచి అటే కారెక్కి వెళ్లిపోయారు. సన్నాయి ఆయన గేటు దగ్గర మూడు గంటలు నిలబడ్డాడు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

కాబట్టి కౌన్సిల్ కంటే ముందు కచేరీ నిర్వాహకుల దగ్గరికి వెళ్లండి, వాళ్ల ద్వారా మేనేజర్‌ను పట్టుకోండి. అడగాల్సినవి నాలుగే. ఊరికి ఎన్నింటికి వస్తారు, సౌండ్ చెక్ ఎప్పుడు, ఇరవై నిమిషాలు ఇవ్వగలరా, పేరు ఇంగ్లిషులోనూ తెలుగులోనూ ఎలా రాయాలి. చివరిది చిన్న విషయం అనిపిస్తుంది. జ్ఞాపిక మీద పేరు తప్పు పడ్డ సన్మానం చూసినవాళ్లకు అది చిన్నది కాదు. జవాబులు వాట్సాప్‌లో లిఖితంగా తెప్పించుకోండి. "సార్ ఓకే అన్నారు" అనే మాటను నమ్మకండి.

అర్జీ

ఒక పేజీ దాటకూడదు. కమిషనర్ గారు చదివేది మొదటి నాలుగు లైన్లే. నేను వాడే నమూనా ఇది:

"గౌరవనీయులైన చైర్‌పర్సన్ గారికి, మున్సిపల్ కమిషనర్ గారి ద్వారా.

విషయం: ఫలానా తేదీన మన పట్టణానికి విచ్చేస్తున్న గాయకులు ఫలానా వారికి పౌర సన్మానం చేయవలసిందిగా విన్నపం.

అయ్యా / అమ్మా, పై గాయకులు ఆ రోజు కచేరీకి ముందు మన పట్టణ ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులతో ఒక గంట గడపడానికి అంగీకరించారు. వారి అంగీకార లేఖ జతపరిచాం. ఆ సందర్భంగా పట్టణ పౌరుల తరఫున శాలువా, సన్మాన పత్రం, జ్ఞాపికతో సత్కరించేందుకు వచ్చే సాధారణ సమావేశం ఎజెండాలో ఈ అంశాన్ని చేర్చి తీర్మానించగలరు. శాలువా, జ్ఞాపికల ఖర్చు మా సంఘం భరిస్తుంది. మున్సిపాలిటీపై సమావేశ మందిరం తప్ప వేరే భారం ఉండదు."

కింద సంతకాలు. సంతకాలు మూడు వందలు కావాలని లేదు, పన్నెండు చాలు. కానీ ఆ పన్నెండు మంది ఎవరన్నది ముఖ్యం. ఒక రిటైర్డ్ టీచరు, ఒక డాక్టరు, మహిళా సంఘం అధ్యక్షురాలు, వ్యాపారుల సంఘం, కాలేజీ పిల్లలిద్దరు, కచ్చితంగా ఒక స్థానిక కళాకారుడు. 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలుంటాయి: యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖ పౌరులు. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో కనుక్కోండి. తాము కమిటీలో ఉన్నామన్న సంగతి వాళ్లలో కొందరు మీరు వెళ్లాకే గుర్తు చేసుకుంటారు, ఆ ఉత్సాహంలో సంతకం కూడా పెట్టేస్తారు.

"ఖర్చు మా సంఘం భరిస్తుంది" అన్న వాక్యాన్ని తీసేయకండి. ఆ వాక్యం లేక ఒకసారి ఏం జరిగిందో కింద చెబుతాను.

ఎవరికివ్వాలి

మహబూబ్‌నగర్ 2025లో కార్పొరేషన్ అయింది, కాబట్టి అక్కడ అర్జీ మేయర్ పేరు మీద రాయాలి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ లాంటి మున్సిపాలిటీల్లో చైర్‌పర్సన్ పేరు మీద. పాలకవర్గం గడువు ముగిసి స్పెషల్ ఆఫీసర్ పాలన నడుస్తుంటే కౌన్సిల్ అధికారం ఆయన చేతిలోనే ఉంటుంది, పేరు మార్చి అదే అర్జీ ఆయనకు ఇవ్వండి. అలాంటప్పుడు పని త్వరగా అవుతుంది, కానీ సన్మానం కొంచెం ఆఫీసు వాసన వేస్తుంది. అది మీరు ఆలోచించుకోవాలి.

సోమవారం కలెక్టరేట్ ప్రజావాణికి మాత్రం ఈ కాగితం పట్టుకెళ్లకండి. అక్కడ పింఛను రాక, భూమి రికార్డు తప్పుపడి, పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు లైన్లో ఉంటారు. వాళ్ల వెనక నిలబడి "సింగర్‌కు సన్మానం సార్" అనడానికి మీకే నోరు రాదు.

మున్సిపల్ ఆఫీసులో అర్జీలు తీసుకునే ఇన్‌వార్డు సెక్షన్‌లో ఇచ్చి, జిరాక్స్ మీద ముద్రా నంబరూ వేయించుకోండి. తర్వాత మీ వార్డు కౌన్సిలర్‌ను కలవండి. ఆ తర్వాతే చైర్‌పర్సన్‌ను. ఈ వరస తప్పితే కౌన్సిలర్ అలుగుతారు. "నా వార్డోళ్లు నాకు చెప్పకుండా డైరెక్టుగా పోయిన్రు" అనే మాట పడితే దాన్ని కడుక్కోవడానికి వారం పడుతుంది.

కౌన్సిల్ మీటింగు

మీ అంశం మామూలు ఎజెండాలో ముందుగా అచ్చయి సభ్యులందరికీ చేరాలి. ఆఖరు నిమిషంలో టేబుల్ ఎజెండాగా పెట్టిస్తామని ఎవరైనా అంటే వద్దనండి. టేబుల్ ఎజెండా అనగానే ప్రతిపక్ష సభ్యులకు ఏదో దాస్తున్నారన్న అనుమానం వస్తుంది. వాళ్ల అనుమానం చాలాసార్లు న్యాయమే కూడా.

నా రెండో ఓటమి అలాంటిదే. మా అంశం టేబుల్ ఎజెండాలో వచ్చింది. ఎండాకాలం. ఆ వారం రెండు వార్డులకు నాలుగు రోజులకోసారి నీళ్లు వస్తున్నాయి. ఒక కౌన్సిలరమ్మ లేచి, "బిందెలు పట్టుకుని మా ఆడోళ్లు రోడ్డు మీద కూసుంటే మీరు పాటగాళ్లకు దండలేస్తరా? దీనికి పైసలెక్కడివి?" అని అడిగింది. పైసలు మావే అని అర్జీలో ఎక్కడా లేదు. ఎవరి దగ్గరా జవాబు లేదు. అంశం వాయిదా పడింది, సింగర్ వచ్చి వెళ్లిపోయాడు. ఆవిడ అడిగినదాంట్లో నాకు ఈ రోజుకీ తప్పు కనిపించదు.

అందుకే ఇప్పుడు మీటింగుకు వారం ముందే ఎక్కువ గొంతు వినిపించే ఇద్దరు ముగ్గురు సభ్యుల ఇంటికి వెళ్తాను. అన్ని పార్టీల వాళ్ల ఇంటికీ. సన్మానం చేయించండి అని అడగను. పిల్లల కార్యక్రమం గురించి చెప్పి, మీ వార్డు బడి పిల్లల్ని పంపుతారా అని అడుగుతాను. వాళ్ల పిల్లలు స్టేజీ మీద పాడుతున్నారంటే డిసెంట్ నోట్, అంటే రాతపూర్వక అభ్యంతరం, రాదు.

ఒక జాగ్రత్త. ఎన్నికల కోడ్ అమల్లోకి వస్తే ఇదంతా ఆగిపోతుంది. తేదీ దగ్గర్లో ఏ ఎన్నికలైనా ఉన్నట్టు వినిపిస్తే సన్మానాన్ని మున్సిపాలిటీ ఊసు లేకుండా మీ సంఘం పేరుకే మార్చుకుని, ఏ నాయకుడినీ పిలవకుండా చేసుకోండి.

శాలువా, జ్ఞాపిక

మెరిసే పాలిస్టర్ శాలువా కప్పకండి. పేరున్న గాయకుడికి అలాంటివి ఏడాదికి వందొస్తాయి, కారు డిక్కీలోంచి డ్రైవర్ ఇంటికి పోతాయి. మన చుట్టూ ఏముందో చూడండి. గద్వాల నేతకు 2010లో, నారాయణపేట నేతకు ఆ తర్వాత భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. గద్వాల చీరలో నడుమంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు వేర్వేరు దారాలను నేతలోనే కలుపుతారు. ఆ కలిసిన గీత మీద వేలు పెట్టి చూపించి, "ఇది మా దగ్గర ఇట్లా కలుపుతారు" అని ఒక్క మాట చెబితే ఆ బట్ట డిక్కీలోకి పోదు. గాయని అయితే చీర, గాయకుడైతే అదే నేత కండువా. ఒక్క కండువా కోసం మగ్గం మీద కొత్త పడుగు (నిలువు దారాల వరస) ఎక్కించరు కాబట్టి నెల ముందే వెళ్లి, నేస్తున్నవాటిలో ఏది కుదురుతుందో అడగండి.

జ్ఞాపికగా సొరకాయ బుర్రలతో చేసే తీగల వాద్యం, చిన్న కిన్నెర బాగుంటుంది. పన్నెండు మెట్ల కిన్నెరతో దర్శనం మొగులయ్య 2022లో పద్మశ్రీ అందుకున్నది మన నాగర్‌కర్నూల్ జిల్లా నుంచే. బుర్రవీణ వాయించే దాసరి కొండప్ప 2024లో అందుకున్నది నారాయణపేట జిల్లా నుంచి. పాప్ సింగర్ చేతిలో ఎలక్ట్రిక్ గిటారు ఉంటే, ఆ పక్కన సొరకాయ బుర్రల వాద్యం పెట్టండి, ఫొటో దానంతటదే వస్తుంది. అతిథి విదేశీయుడైతే ఒకటి చూసుకోండి. పాతకాలపు కిన్నెరలకు నెమలి ఈకలు కట్టి ఉంటాయి. నెమలి ఈకలు దేశం దాటించడం నిషేధం. ఈకలు లేని నమూనా చేయించండి, లేకపోతే మీరిచ్చిన గౌరవం ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ టేబుల్ మీద తేలుతుంది. వందేళ్లు దాటిన పాత ఇత్తడి సామాను కూడా అంతే, పురావస్తువుల చట్టం ఒప్పుకోదు.

సన్మాన పత్రం

"ఓ గాన సరస్వతీ పుత్రా! కోకిల కంఠా!" అని మొదలయ్యే పత్రాలు అందరం విన్నాం. చదివేవాళ్లకు ఆయాసం, వినేవాళ్లకు ఆవులింత. పైగా పేరు మార్చి ఇంకొకరికి చదివినా సరిపోతుంది. మీ మొదటి వాక్యం తీసుకోండి, దాన్ని పెంచండి. ఒకసారి మేం ఇలా రాశాం:

"పని వెతుక్కుంటూ బొంబాయి బస్సెక్కిన మా పాలమూరు మనిషి, రాత్రి ప్రయాణంలో చెవిలో పెట్టుకున్నది మీ పాట. ఆ మనిషి తరఫున కూడా ఈ కండువా."

ఆ గాయకుడు పత్రం చేతిలోకి తీసుకుని ఆ లైను మళ్లీ తనకు తాను చదువుకున్నాడు. మొత్తం నూట యాభై మాటలు దాటనివ్వకండి. ఫ్రేమ్ కట్టించే ముందు ఇద్దరితో తప్పులు దిద్దించండి, అందులో ఒకరు తెలుగు పంతులు కావాలి. చదివించడం కాలేజీ అమ్మాయితోనో అబ్బాయితోనో చేయించండి. నాయకుడితో వద్దు. నాయకుడు చదువుతూ మధ్యలో ఆగి ప్రసంగం మొదలుపెడతాడు.

ఎక్కడ, ఎప్పుడు

కచేరీ స్టేజీ మీదే చేసేద్దాం అని నిర్వాహకులు అంటారు. ఒప్పుకోకండి. టికెట్ పెట్టిన ప్రోగ్రాంలో ఊరి సన్మానం వ్యాపారానికి తోకలా అవుతుంది. పైగా రాత్రి 10 దాటితే మైకు ఆపాలి, ఆలస్యమైతే ముందు కోత పడేది మీకే. సాయంత్రం నాలుగింటికి మున్సిపల్ సమావేశ మందిరంలో, పిల్లల మధ్య చేయించండి.

జనం విషయంలో మాత్రం సరదాలు వద్దు. 2025 జూన్ 4న బెంగళూరులో ఐపీఎల్ గెలిచిన జట్టుకు గెలిచిన మర్నాడే హడావిడిగా సంబరం పెట్టారు. చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఊరికి సెలబ్రిటీ వస్తున్నాడంటే మన దగ్గరా అదే జనం. పోలీసులకు లిఖితంగా తెలియజేసి అనుమతి తీసుకోండి, పాసులు హాల్లో ఉన్న కుర్చీలకు మించి ఇవ్వకండి, లోపలికీ బయటికీ వేర్వేరు దార్లు పెట్టండి. టైమును సోషల్ మీడియాలో పెట్టకండి. పోలీసులు వద్దంటే వాదించకండి, అతిథి దిగిన హోటల్ హాల్లో ఇరవై మందితో చేసేయండి. తీర్మానం ఉంది కాబట్టి అక్కడ చేసినా అది పౌర సన్మానమే.

ఆహ్వాన పత్రిక గురించి ఇంకో పేజీ రాయొచ్చు, రాయను. ప్రొటోకాల్ ప్రకారం ఎవరి పేరు ముందో, ఎవరిది వెనకో మున్సిపల్ ఆఫీసు వాళ్లనే అడిగి, వాళ్లు ఇచ్చిన వరసలో అచ్చు వేయండి. మీ బుర్ర వాడకండి. ఎమ్మెల్యే, ఎంపీలు కౌన్సిల్‌లో ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా) సభ్యులు, వాళ్ల పేర్లు పడకపోతే ఆ అలక మీ సింగర్ కచేరీ కంటే పెద్ద వార్త అవుతుంది.

ఆ రోజు వరస ఇలా పెట్టుకోండి. ముందు పిల్లల పాట ఒకటి. తర్వాత స్థానిక కళాకారుడికి కండువా, అదీ వచ్చిన అతిథి చేతుల మీదుగా. ఇది నా పట్టుదల, ఎవరు వద్దన్నా వినను. ఆ తర్వాత తీర్మానం చదవడం, పత్రం చదవడం, చైర్‌పర్సన్ కండువా కప్పడం, జ్ఞాపిక. అతిథి రెండు మాటలు. ఇరవై నిమిషాలు. వ్యక్తిగత శాలువాలు తెచ్చినవాళ్లను స్టేజీ ఎక్కనివ్వకుండా మెట్ల దగ్గర మొహమాటం లేని మనిషిని ఒకరిని నిలబెట్టండి. మా దగ్గర ఆ పని ఒక రిటైర్డ్ పీఈటీ సార్ చేస్తారు. విజిల్ కూడా తెచ్చుకుంటారు.

అతిథి కారు కదిలాక ఆగి, సన్నాయి, డోలు, డప్పుల వాళ్లకు మాట్లాడుకున్న డబ్బులు అక్కడికక్కడే చేతిలో పెట్టండి, "రేపు ఆఫీసుకు రా" అనకండి. తీర్మానం సర్టిఫైడ్ కాపీని కమిషనర్ ఆఫీసు నుంచి రెండు తీసుకోండి, ఒకటి సింగర్ మేనేజర్‌కు స్పీడ్ పోస్టులో, ఒకటి మీ ఫైల్లో. ఇంకో ఊరివాళ్లు ఇదే పని మీద మీ దగ్గరికి వచ్చినప్పుడు జిరాక్స్ ఇవ్వడానికి పనికొస్తుంది.